చెరపని ముగ్గు

2025 మార్చి 3, ఉయ్యూరు

మా మేడమీది పోర్షన్‌లో అద్దెకుంటున్న రుచితకు ఫ్యామిలీ కోర్టు ప్రొటెక్షన్ ఆర్డర్ ఇచ్చి నెలయింది. ఆమె భర్త హర్షవర్ధన్ ఈ వీధిలో అడుగు పెట్టకూడదు. ఈ ఉదయం 6.10కి పెట్టాడు. నా ముగ్గు మీదే స్కూటర్ ఆపి, మేడవైపు చూస్తూ హారన్ మోగించి వెళ్లిపోయాడు. కిటికీలోంచి స్పష్టంగా చూశాను.

రుచిత కిందికి వచ్చింది. కాఫీ వద్దంటూనే రెండు గ్లాసులు తాగింది.

మార్చి 4

లాయర్ వేదశ్రీ ఫోన్ చేసి, టైరు గుర్తులు ఫొటో తీశారా అండీ అని అడిగింది. అప్పుడే ఊడ్చి, కల్లాపి చల్లి, కొత్త ముగ్గు వేశానని చెప్పాను. చెడిన ముగ్గును వాకిట్లో ఉంచడం మా ఇంటా వంటా లేదు. ఆమె ఎంతో మర్యాదగా, మేడమ్‌గారూ, మీరు సాక్ష్యాన్ని కడిగేశారు అంది.

ముప్పై రెండేళ్లు బోటనీ చెప్పాను. స్పెసిమెన్ చెడగొట్టిన పిల్లలను ఎంత కసిరేదాన్నో! సిగ్గు వేసింది.

మార్చి 9

రుజువు లేకపోతే ఆర్డర్ వట్టి కాగితమేనట. రుచిత ఇల్లు ఖాళీ చేసి ఎక్కడైనా హాస్టల్‌లో చేరతానంటోంది. మీకెందుకండీ నా తలనొప్పి అంది. ఖాళీ చేయాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని కరుకుగా చెప్పాను.

అటువంటి షరతు ఏదీ లేదు.

మార్చి 14, ఉదయం 6.20

మళ్లీ వచ్చాడు. నేను ఫోన్ వెతుక్కునేలోగా వెళ్లిపోయాడు. గుర్తులు ఫొటో తీశాను. మూడింటిలో ఒకదాని నిండా నా బొటనవేలే. ఊడవలేదు.

అదే రోజు, సాయంత్రం

శుక్రవారం, హోలీ పున్నమి. వాకిలి అలాగే ఉంది. చూడలేక వీధి తలుపు మూసుకున్నాను.

పొద్దున పాలు తెచ్చిన మణెమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఏం పంతులమ్మగారూ, నడుం పట్టేసిందా, పోనీ నన్ను వెయ్యమంటారా అని ఎకసెక్కం. మలుపులో ఎవడో స్కూటరువాడు తనను గుద్దబోయాడని తిట్టింది కూడా. రుచిత తన ఫోన్‌లోని భర్త ఫొటో చూపిస్తే, వీడే, వీడి మొహం మండ అంది.

ఆగస్టు 11, విజయవాడ

కోర్టు. మార్చి 14న తాను పామర్రులో ఉన్నానన్నాడు హర్షవర్ధన్. డెబ్బై ఎనిమిదేళ్ల కళ్లను నమ్మేదెలా అన్నాడు అతని లాయర్ ఉదయభాస్కర్. నన్ను వృద్ధురాలు అన్నాడు, నాలుగు సార్లు. ఫొటోలో స్కూటర్ ఏదని కూడా అడిగాడు. టైరు గుర్తులే ఉన్నాయని ఒప్పుకున్నాను.

తరవాత మణెమ్మ. ఐదు నెలల నాటి తేదీ నీకెలా గుర్తుందని గద్దించాడు. మణెమ్మ బెదరలేదు. నలభై ఏళ్లుగా ఆ ఇంటికి పాలు పోస్తున్నానయ్యా, ఈ అమ్మ వాకిట్లో ముగ్గు చెడిపోయి ఉండటం ఆ ఒక్క రోజే చూశాను, అదీ హోలీ పున్నమి, శుక్రవారం, మా పేటంతా చెప్పుకున్నాం, ఎలా మరిచిపోతాను అంది. మలుపులో తనను గుద్దబోయినవాడు వీడేనని వేలు పెట్టి చూపించింది.

జడ్జిగారు పెన్ను ఆపి నా వైపు చూశారు. పేటంతా నవ్విందన్నమాట. నవ్వనీ.

సెప్టెంబరు 8

ఆర్డర్ ఉల్లంఘన రుజువైందన్నారు జడ్జిగారు. తిరుగు ప్రయాణంలో బస్సులో రుచిత నా భుజం మీద నిద్రపోయింది. కంకిపాడు దాటేసరికి భుజం తిమ్మిరెక్కింది. కదల్లేదు.

సెప్టెంబరు 9

ముగ్గు రుచిత వేసింది. చుక్కలన్నీ వంకర. చెరపలేదు.