బాపు చాకు

ఆదివారం, రాత్రి

బాపు మడత చాకు నెల రోజుల సంది తెరుచుకుంటలేదు. ఇయ్యాల సెలవు గదా అని ముందటేసుకొని కూసున్న. కీలు నిండ జిగట, దానికి చీమలు. బాపు కోసుకునే జామకాయల రసం అనుకున్న. పాత బ్రష్‌తోని, కిరసనాయిల్‌తోని గంటసేపు రుద్ది, తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండు సుక్కలేసిన. ఇప్పుడు ఒక్క వేలుతోని తెరుచుకుంటున్నది.

బాపు మస్తు ఖుషీ అయిండు. "నా కొడుకువి అనిపించుకున్నవ్" అని, అప్పుడే జామకాయ కోసి మొదటి ముక్క నాకే ఇచ్చిండు. కంచన్‌బాగ్ కార్ఖానల ఇనుము కోసిన చెయ్యి, జామకాయ మీద వణుకుతనే ఉన్నది.

అమ్మ నన్ను వంటింట్లకు పిలిచింది. "అది జామ రసం గాదు కొడుకా. నేనే బెల్లం పాకం పోసిన. పోయిన నెల వేలు కోసుకున్నడు, వద్దంటే ఇంటలేడు. చాకే తెరుచుకోకుంటే ఊకుంటడని."

ఇప్పుడేం జెయ్యాలె. గుంజుకుంటే చిన్నబోతడు. చాకు ఆయన అంగీ జేబులనే ఉన్నది, అంగీ గోడ మొలకు తగిలేసి ఉన్నది. నిద్ర వస్తలేదు. రెండుసార్లు బెల్లం డబ్బా దాక పోయొచ్చిన. పాకం ఎట్ల పడ్తరో నాకు తెల్వది. అమ్మను లేపబుద్ధి అయితలేదు.