అన్న గెలుచుకున్నది శౌర్య చక్రం

అన్నా,

ఈ రోజు సత్యవేడు కూడలిలో నీ విగ్రహం ఆవిష్కరణ. పొద్దున్నే వెళ్లి ముసుగు కాస్త పైకెత్తి చూశాను. నీ చేతిలో తుపాకీ పెట్టారు. కింద పలక మీద 'వీర చక్ర' అని చెక్కించారు. నా ఒళ్లు మండిపోయింది.

నీకిచ్చింది శౌర్య చక్రం. మందుగుండు లారీ అంటుకుంటే ఇద్దరు జవాన్లను బయటికి లాగావు. మూడో అతని కోసం మళ్లీ లోపలికి వెళ్లి తిరిగి రాలేదు. శత్రువుతో తలపడి చూపిన తెగువకు వీర చక్రం ఇస్తారు. ఎదురుగా శత్రువు లేనిచోట ప్రాణాలకు తెగిస్తే ఇచ్చేది శౌర్య చక్రం. మొదట్లో దాన్ని అశోక చక్ర మూడో తరగతి అనేవారట. తర్వాత ఆ పేరైతే మార్చారు గానీ, వీళ్ల కళ్లకు అదింకా తక్కువదే.

విగ్రహం పెట్టించిన నాయకుడిని అక్కడే నిలదీశాను.

"రెండూ చక్రాలే కదమ్మా! శత్రువుని సంపినాడంటేనే జనానికి బాగుంటాది" అన్నాడు నవ్వుతూ.

పక్కనే ఉన్న అమ్మ అంతా విన్నది. ముసుగు తీయమని వేదిక మీదికి పిలిచినప్పుడు తిన్నగా మైకు దగ్గరికి వెళ్లింది.

"నా కొడుకు ఎవురినీ సంపలేదు. మంటల్లో నుంచి ఇద్దుర్ని ఈడ్చుకొచ్చి బతికించినాడు. అది తక్కువ పనా? ఆ మాట రాసేదాకా ఈ గుడ్డ తీసేది లేదప్పా!"

నాయకుడు మొహం మాడ్చుకుని కారెక్కాడు. అమ్మ వెళ్లి ముసుగు తాడుకు ఇంకో ముడి బిగించింది.

నువ్వు పోయాక అమ్మ గొంతెత్తి మాట్లాడటం ఇదే మొదటిసారి.

నీ చెల్లెలు