రావుగారి కంప్యూటరు

బచేలి,
ఆదివారం మధ్యాహ్నం

ప్రేమగల అక్కా,

ఫోన్ చేద్దామంటే ఆయన పక్క గదిలోనే ఉన్నారు. పైగా నీ గొంతు వింటే నాకు ఏడుపాగదు. వచ్చే వారం కిరండూల్ రైలెక్కి శృంగవరపుకోటలో దిగుతాను. కొన్నాళ్ళు నీ దగ్గరే ఉంటాను. బావగారికి ఎలా చెబుతావో నీ ఇష్టం.

ఇక్కడి పిల్లల కోసం తెలుగు కథలు రికార్డు చేస్తున్నానని నీకు తెలుసుగా. ఈ గనుల టౌన్‌షిప్పులో మనవాళ్ళ పిల్లలు హిందీ కలిపేసి 'అమ్మా, పానీ ఇయ్యి' అనే దాకా వచ్చారు. అది భరించలేక, అమ్మ మనకి చెప్పిన కథలన్నీ గుర్తుచేసుకుని, వెనక గదిలో ఫ్యాను ఆపి చెమటలు కక్కుతూ చెప్పాను. రెండేళ్ళ కష్టం. మొన్న కరెంటు పోయి వచ్చాక నా కంప్యూటరు మళ్ళీ లేవలేదు. మెకానిక్ మంగల్ విప్పి చూసి, డిస్కు కాలిపోయింది, కుఛ్ నహీ బచా, ఏమీ మిగల్లేదు అన్నాడు.

నేను కంగారు పడలేదు. మీ మరిది ముందే పెద్ద ఏర్పాటు చేసి ఉన్నారు. నా కంప్యూటర్లో ఉన్నదంతా ఇంటి వైఫై మీదుగా ముందు గదిలోని ఆయన కంప్యూటర్లోకి రోజూ దానంతటదే కాపీ అవుతుందట. ఇంటికొచ్చిన వాళ్ళకి కాఫీ కంటే ముందు ఆ సంగతే అందేది. గనిలో ఖనిజం మోసే కన్వేయరు బెల్టు నడిపే వాడికి ఇదొక లెక్కా అనేవారు. తీరా ఆయన కంప్యూటరు తెరిస్తే డ్యూటీ చార్టులూ, మా పెళ్ళి ఫోటోలూ తప్ప ఒక్క కథ లేదు. 'ఉండాలే, ఉండాలే' అంటూ తెరిచిందే తెరిచారు.

కథలు పోయినందుకు కూడా కాదక్కా. ఇన్ని నెలల్లో ఒక్క కథ విందామని ఆయన ఆ ఫోల్డరు తెరిచి ఉంటే, అది ఖాళీ అని ఆ రోజే తెలిసేది. అదే అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "వినడం వేరు, దాచడం వేరు కదా ఇంద్రాణీ" అన్నారు.

అప్పటినుంచి అన్నం వడ్డిస్తున్నాను గాని మాట్లాడటం లేదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే పక్క క్వార్టరు తిరుపతమ్మతో కిందటి వేసవి నుంచి మాటల్లేవు. ఎండబెట్టిన మిరపకాయల్ని వాళ్ళ కోడి కెలికిందని నేనన్న మాటలు కోడికంటే ఆమెకే ఎక్కువ తగిలాయి. మగవాళ్ళకి మాత్రం ఏ పట్టింపూ లేదు. ఇప్పటికీ రెండిళ్ళకీ ఒకటే వైఫై.

ఇకమీదట కథలు చెప్పను. నా మంచం కిటికీ పక్కన వేయించు.

నీ చెల్లెలు
ఇంద్రాణి


బచేలి,
బుధవారం

అక్కా,

స్టేషనుకి ఎవర్నీ పంపకు. నేను రావడం లేదు. జరిగింది విని నవ్వు, ఏమీ అనుకోను.

నిన్న పొద్దున తిరుపతమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఏంది ఇంద్రాణీ, నక్క బాయిల పడ్డదన్నవు, ఆడికే ఆపినవు. ఎక్కిందా, లేదా? మా అత్త అన్నం సుత తింటలేదు."

నాకేమీ అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి లాక్కుపోయింది. వాళ్ళాయన ఉపేంద్రరావు కంప్యూటర్లో నా కథలన్నీ వరసగా ఉన్నాయి. సంగతేమిటంటే, రెండిళ్ళ కంప్యూటర్లూ పెట్టింది మంగలే. ఇద్దరు మగవాళ్ళూ రావులే కాబట్టి రెంటికీ 'రావు' అనే పేరు పెట్టి, ఒకదానికి పక్కన ఒక అంకె తగిలించాడు. పాస్‌వర్డు కూడా ఒకటే. మీ మరిది వైఫైలో రావు కనబడగానే నొక్కేశారు. ప్రపంచంలో ఇంకో రావు ఉంటాడని ఆయనకి తట్టలేదు.

తిరుపతమ్మ అత్తగారిది తెలుగు సరిహద్దులోని కోంటా వైపు. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు. టీవీలో హిందీ తెలియదు. కోడలు ఈ కథలు చూసి, ఆవిడకి రోజూ వినిపించడం మొదలుపెట్టింది. నేను ఎదురుపడి మాట్లాడటానికి మొహం చెల్లక, రాజీకి రోజుకొక కథ పంపుతున్నానని అనుకుందట. ఒక కథ చివర రికార్డింగు ఆపడం మరిచి, తిరుపతమ్మ గొంతు రాళ్ళు ఆడే మిల్లులా ఉంటుందని మీ మరిదితో అన్నాను. అదీ అక్కడికి చేరింది.

"అది సుత విన్న. మా అత్తకు అన్నిట్ల అదే బాగ నచ్చింది" అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా.

సాయంత్రం డ్యూటీ దిగి మీ మరిదీ అక్కడికే వచ్చారు. తన కాపీ పనిచేసిందని ఒక్క క్షణం ఛాతీ విరుచుకుని, నన్ను చూసి మళ్ళీ సర్దుకున్నారు. అంతలో ముసలావిడ కథ పెట్టించింది. ఆయన మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని చివరిదాకా విన్నారు. తరవాత నావైపు తిరిగి, "నువ్వు ఇలా చెబుతావని నాకు తెలీదు" అన్నారు. ఇంకోటి పెట్టమని ఆయనే అడిగారక్కా. దాంతో నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం ఆదివారం దాకా ఉంచుకుందామనుకుంటున్నాను.

కంప్యూటరు పాడవడంతో సగంలో ఆగిన నక్క కథ మిగతాది మంచం పక్కన కూర్చుని నేనే చెప్పాను. ముసలావిడ అంతా విని, అది తప్పు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. వాళ్ళ ఊళ్ళో నక్కని బావిలోంచి తాబేలు పైకెక్కిస్తుందట, అది కూడా తిట్టుకుంటూ. ఆ తిట్లతో సహా తెలుగు కలిసిన వాళ్ళ దోర్లీ యాసలో చెబుతుంటే ఫోనులో రికార్డు చేశాను. తిరుపతమ్మ కన్నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆవిడ దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయట. రోజూ మధ్యాహ్నం వెళ్ళాలని ఒప్పందం.

ఈ కొత్త కథ ఎక్కడ దాచాలని మీ మరిది అడిగారు. రెండు కంప్యూటర్లలోనూ అన్నాను. ఆయన తెర మీదకి వంగి, ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ రావు కోసం వెతకడం మొదలుపెట్టారు. తిరుపతమ్మ వెనకనుంచి చూసి, "ఊకె నొక్కుండ్రి అన్నా. ఏ రావైతేంది, వినేటోళ్ళం మేమే గద" అంది.

నీ
ఇంద్రాణి