బొటనవేలికి కట్టిన దారం

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్ళు. నిరుడు అద్దం పగిలి నా చూపుడువేలి నరం తెగితే హిందూపురంలో కుట్టారు. మొద్దుబారిపోయిన ఆ వేలికి ఈ మధ్యే పట్టుపోగు తగిలితే తెలుస్తోంది. పొద్దున ధర్మవరంలో బస్సెక్కి వెళ్ళి, అప్పుడు కుట్టిన డాక్టరమ్మకే చూపించాను.

"మా నాయన మిద్దె మింద నుంచి పడితే ఎన్నుకు దెబ్బ తగిలి కాళ్ళు చచ్చుబడిపాయ. మళ్ళీ రానేల్యా. నాకెట్ల వచ్చె మేడం?" అని అడిగాను.

చేతిలో నరం తెగితే, దాన్ని అంటిపెట్టుకుని ఉండే తోడుకణాలు చెత్తంతా ఊడ్చి కొత్త పోగుకు దారి వేస్తాయట. మెదడులో, వెన్నుపాములో ఉండే తోడుకణాలు వేరేవట. అవి దెబ్బ పక్కకు పాకకుండా చుట్టూ మచ్చ కడతాయట. కాపాడేది ఆ మచ్చే. నరం మళ్ళీ పెరగబోతే అడ్డం పడేదీ చాలావరకు అదే.

"ఆయన ఎంత ప్రయత్నం చేసినా ఆ కాళ్ళు కదిలేవి కావమ్మా" అంది ఆమె.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. నిలబడే వచ్చాను.

నీ కాలి బొటనవేలికి పట్టుదారం కట్టి, రెండో కొస మగ్గం గుంజకు ముడేసి, రోజూ లాగమనేదాన్ని. మగ్గంలో తెగిన పోగు అతికినట్టే నరమూ అతుక్కుంటుందనుకున్నాను. "లాగతానే ఉండానమ్మా" అనేవాడివి. దారం కదలక ఒకరోజు విసుక్కున్నాను. "నీకే మనసు లేదులే నాయనా" అన్నాను. ఆ తర్వాత నువ్వు కాళ్ళ మాటే ఎత్తలేదు.

ఆ దారం ఇంకా గుంజకే ఉంది. ఇంటికొచ్చి, నయమైన ఈ వేలితోనే ముడి విప్పాను.

నువ్వు లాగుతూనే ఉన్నావు నాయనా.