తువ్వాలు కింద సూయజ్

ఆదోని, 1956 నవంబరు, గురువారం

సాయంత్రం పత్తి మండీలోని నా దళారీ కొట్టులో రేడియో పెట్టాను. సూయజ్ కాలువ దగ్గర ఇంగ్లీషువాళ్లు చేసింది దురాక్రమణేనని ఢిల్లీ తెలుగులో చెప్పింది. యుద్ధం ఆపడానికే సైన్యాన్ని దింపారని లండన్ ఇంగ్లీషులో చెప్పింది. పత్తి తెచ్చిన కోసిగి రైతు తిమ్మప్పకు ఆ లండన్ మాట నేనే తెలుగులో వినిపించాను, కాస్త వెటకారంగా.

"మీ దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకోని ధర తేల్చుకుంటారు, పైకి మాకు ఇంగోటి సెప్తారు. ఈ దేశాలదీ అంతేనా అన్నా?" అన్నాడు.

"అంతేప్పా," అన్నాను.

అక్కడి ప్రతిపక్షం సొంత ప్రభుత్వాన్నే తిట్టిపోసిందని కూడా లండన్ చెప్పింది. అది మాత్రం తిమ్మప్పకు నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో...

ఇంటికొచ్చి చొక్కా విప్పబోతే, తువ్వాలు నా భుజం మీదే ఉంది.