కుడిపక్క కుర్చీ

నవనీతా,

ఫోన్ ఎత్తుతలేవని రాస్తున్న. మీ అక్కకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయినయి. సూర్యాపేట డాక్టరు దాన్ని హెమిప్లీజియా అన్నడు. ఇంకోటి గూడ చెప్పిండు: కండ్లు మంచిగనే ఉన్నా, ఎడమ దిక్కు ఏమున్నా ఆమెకు ఎరుక ఉండదట. కంచంల కుడి సగమే తింటది. ఎడమపక్క కూసుంటే నేను ఇంట్లనే లేననుకుంటది.

తలుపు కుడికి వచ్చేటట్టు మంచం తిప్పినం. ఇగ అప్పటిసంది చూపంతా తలుపు దిక్కే. కోదాడ బస్సు హారన్ ఇనపడితే చాలు, "చెల్లె వచ్చింది, కుర్చీ ఏయుండ్రి" అంటది.

మీ అక్కచెల్లెండ్ల పంచాది నాకొద్దు. వస్తే మాత్రం కుడిపక్కనే కూసో. ఆడ కూసుంటేనే ఆమెకు నేను ఉన్నట్టు. ఇయ్యాల ఆ కుర్చీ నీకోసం ఖాళీ చేసి, ఎడమకు జరిగిన.

మీ బావ