వేపచెట్టు మీదికి ఆలుగడ్డ

డిసెంబర్ 6, ఆదివారం

చర్చిలో ప్రకటనలు అయిపోతుండగా నాయిన లేచి నిలబడ్డాడు. "స్టార్ ఈసారి గూడ నేనే కడ్త." అమ్మ నా తొడ గిల్లింది, ఆయన తొడ అందక.

పోయిన క్రిస్మస్‌కి ఆవరణలో వేపచెట్టు మీద కాలు జారింది. కొమ్మ కరుచుకుని వేలాడుతూనే కింద ఉన్నవాళ్ళకి బల్బు ఎటు తిప్పాలో చెప్పాడు. డాక్టర్ మోకాలు చూసి, ఇక చెట్టు మాట ఎత్తొద్దన్నాడు. ఎవరికి చెప్పాడో ఏమో. నాయిన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

స్టార్ కట్టే రోజు ఇంటి నుంచే చెప్పుల్లేకుండా బయల్దేరుతాడు. నాంపల్లి నుంచి ఆబిడ్స్‌లో చర్చి దాకా ఉత్త కాళ్ళే. పాదం అప్పటికే గట్టిపడాలట.

సాయంత్రం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేశా. ఏదో ఫారిన్ సైన్స్ పత్రిక. ప్లాస్టిక్ గొట్టంలోంచి ఆలుగడ్డని గాలితో పేలుస్తున్న కుర్రాళ్ళ బొమ్మ. కొనేసి అక్కడే నిలబడిపోయా. ఆలుగడ్డకి దారం కడితే? దారం కొమ్మ దాటితే? దారానికి తాడు, తాడుకి స్టార్...

నాయిన నేల మీదే ఉంటాడు.

డిసెంబర్ 8

నిన్న తమ్ముడు విల్సన్‌కి చెప్పా. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దునకల్లా పాస్టర్ అయ్యగారే ఆపి అడిగారు — "ఏందమ్మా, మన చర్చిలో ఫిరంగి పెడ్తున్నవంట?"

"పంపు గాలే అయ్యగారు. మంట లేదు."

"ఔ, గట్లయితే ప్రార్థన చేసి మొదలుపెట్టు."

డిసెంబర్ 10

గొట్టాలు వచ్చాయి. బేగం బజార్ నుంచి నైలాన్ దారం కూడా. ముందు భాగం గొట్టం, వెనక లావుపాటిది గాలి గది. రెండూ ఇంచుమించు సమానంగా పట్టాలంటోంది పత్రిక. గాలి తక్కువైతే ఆలుగడ్డ మధ్యలో ఆయాసపడుతుంది. ఎక్కువైతే ఊరు దాటుతుంది.

పదేళ్ళుగా పిల్లలకి ఘనపరిమాణం చెబుతున్నదాన్ని. ఇది నాకో లెక్కా?

డిసెంబర్ 11

లెక్కే. విల్సన్ గాలి గదికి రెండు వంపులు, మధ్యలో ఒక లావు జాయింటు పెట్టాడు. ఏ సూత్రంలోనూ ఇమడదు. నీళ్ళు పోసి కొలుద్దామంటే అతుకులకి రాసిన జిగురు ఇంకా ఆరలేదు.

అమ్మ పరిష్కారం: "బియ్యం పొయ్యుండ్రి. గింత దానికి ఫికరెందుకు?"

నేను గది నిలబెట్టి పట్టుకున్నా. అమ్మ సోలతో పోసింది. నాలుగు సోలలు. ఇంతలో కుక్కర్ కూత వేసింది, అమ్మ లోపలికి పోయింది. గొట్టంలోకి నేనే పోశా. సోల మీద స్కేలు పెట్టి, తలగొట్టి, ఒక్క గింజ ఎక్కువ కాకుండా. నాలుగు సోలలు.

సమానం! నా మీద నాకే గౌరవం కలిగింది.

నాయిన వరండాలో పేపర్ చదువుతున్నాడు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

డిసెంబర్ 14

చర్చి ఆవరణలో మొదటి పరీక్ష. నా లెక్క ప్రకారం గాలి కొట్టి, మీట తిప్పా. ఢప్!

ఆలుగడ్డ వేపచెట్టు దాటింది. గోడ దాటింది. దారం అంతా లాగేసుకుని, దారం పెట్టిన బకెట్‌ని పడదోసి మరీ పోయింది. ఎక్కడో రేకుల చప్పుడు.

కాసేపటికి పక్క సందు టైలర్ ఖాదర్ భాయ్ వచ్చాడు. చేతిలో సగం ఆలుగడ్డ, వెనక తోకలా దారం.

"మేడమ్, ఇది మీదేనా?"

"సారీ భాయ్, జర లెక్క తప్పింది."

"లెక్క తప్పితే ఆలూ వస్తుందా? మా పోరగాళ్ళకి తప్పితే నేను దెబ్బలు కొడ్త."

నాయిన ఆపుకోలేక నవ్వాడు. ఈ నెలలో ఆయన నవ్వడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది.

డిసెంబర్ 15

మళ్ళీ లెక్క. తప్పు లేదు.

డిసెంబర్ 16

మళ్ళీ. లేదు. పత్రిక రాసినవాడిని తిట్టుకున్నా.

డిసెంబర్ 18

పొద్దున అమ్మ అన్నానికి బియ్యం కొలుస్తోంది. సోల నిండింది. ఆగలేదు. ఇంకా పోసింది — పైన గోపురం లేచి, గింజలు పక్కలకి జారేదాకా. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఇవాళే కనపడింది.

"అమ్మా... గొట్టం పనికి గూడ గిట్లనే పోసినవా?"

"మరి? కొలత తలగొడ్తె ఇంట్ల లక్ష్మి — కాదు, దేవుని దీవెన నిలవది. గొట్టమైతే ఏంది, పండుగ పని గాదా?"

నాలుగు గోపురాలు ఒకవైపు, నాలుగు తలగొట్టినవి ఒకవైపు. సమానమట! గది నేననుకున్నదానికంటే బాగా పెద్దది. అమ్మ ఉదారత ఖాదర్ భాయ్ రేకుల మీద పడింది.

నవ్వి నవ్వి కడుపు నొప్పి. అమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదు. మిగిలిన ఆలుగడ్డలు మాత్రం దాచేసింది, పండుగ కుర్మాకి.

డిసెంబర్ 20, ఆదివారం

ఆరాధన అయ్యాక రెండో పరీక్ష. గాలి తగ్గించా. ఢప్. దారం సరిగ్గా పైకొమ్మ పంగలోంచి జారి కిందికొచ్చింది. చప్పట్లు! అయ్యగారు స్తోత్రం అన్నారు.

నాయిన వచ్చి గొట్టాన్ని ఒకసారి తట్టాడు. "మంచిగున్నది." అంతే. జనంలోంచి నడిచి గేటు దగ్గర ఒక్కడే నిలబడ్డాడు.

ఆయన పడిపోకూడదనే కదా ఇదంతా. కానీ గెలిచింది నేనైతే, ఓడింది ఎవరో అప్పుడు తెలిసింది. బాధేసింది. ఏడుపొచ్చేంత.

డిసెంబర్ 23

దారంతో తాడు కొమ్మ దాటించి, స్టార్ పైకి లాగాం. సగం దాకా రాజాలా పోయింది. అక్కడ తాడుకి విల్సన్ వేసిన ముడి కొమ్మ సందులో ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి దిగదు. చీకటి పడింది. రేపు పొద్దున చూద్దామన్నారు అందరూ.

అన్నం తింటూ నాయిన అడిగాడు — "బిడ్డా, ఆ పంపు ఏడిదాక కొట్టాలె?"

మురిసిపోయి అంతా చెప్పా. పంపు మీద ముల్లు ఎక్కడ ఆగాలో, మీట ఎటు తిప్పాలో.

తర్వాత మోకాళ్ళకి కొబ్బరినూనె రాయించుకున్నాడు.

డిసెంబర్ 24, తెల్లవారుజామున

విల్సన్ స్కూటర్ స్టార్ట్ కావడం లేదు. వాడు కిక్ కొడుతున్నాడు, నేను మెట్ల మీద కూర్చుని రాస్తున్నా.

నాయిన మంచం ఖాళీ. చెప్పులు గుమ్మం దగ్గర పక్కపక్కనే ఉన్నాయి.

గొట్టం కూడా లేదు.

అమ్మ ఆలుగడ్డల బుట్టలో చెయ్యి పెట్టి వెతికింది. "ఒకటి తక్కువున్నది," అంది. మళ్ళీ చెప్పుల వైపు చూసింది. "ఎక్కుతందుకు పోయిండా, పేలుస్తందుకు పోయిండా?"

"తెల్వదమ్మా."

స్కూటర్ స్టార్టయింది.